గుమ్మం ముందు గాలిదున్న

ఆ వేసవి అంతా మా ఇంట్లో పొద్దుటి దీపం నిలవలేదు. తెల్లవారగానే స్నానం చేసి, వత్తి వేసి, దీపం వెలిగించి కళ్ళు మూసుకునేదాన్ని. "స్వామీ" అనేలోపే గుమ్మంలోంచి గాలి విసురుగా వచ్చేది. కళ్ళు తెరిస్తే పొగ. బయట వాకిట్లో మా మరిది అప్పుడే లేచి ఒళ్ళు విరుచుకుంటూ ఉండేవాడు. వాణ్ణి చూసిన సంబరంలో గాలిదున్న రెక్కలు కొట్టేది. దేవుడికీ నాకూ మధ్య ఒక దున్నపోతు.

గాలిదున్నను చూడనివాళ్ళకు కాస్త చెప్పాలి. మామూలు దున్నపోతులాగే నల్లగా, మొద్దుగా ఉంటుంది. కాకపోతే వీపుకి అటూ ఇటూ తడిసిన గొడుగులు ముడిచి వేలాడదీసినట్టు రెండు తోలు రెక్కలుంటాయి. ఉండేది కొండల్లో. వేసవిలో మా ఉప్పుమడులు తెల్లబడటం మొదలుపెట్టగానే నాకడానికి దిగుతాయి. మేం కర్రలు ఆడించి, రేకులు వాయించి తరిమేస్తాం. తరిమేటప్పుడు మాత్రం ఎవరూ అరచెయ్యి చాచరు, గుప్పిట మూసే ఉంచుతారు. ఎందుకంటే గాలిదున్న ఎవరి అరచేతి ఉప్పు నాకితే వాళ్ళే తన మనిషి అనుకుంటుంది. ఆపైన కొట్టినా పోదు, తిట్టినా పోదు. దానికి దొరికినవాడు తొలివాన పడేలోగా కొండకోటకు వెళ్ళి చేరాలి. వానాకాలంలో కోటకి అవతల కనుమ దారులు తెగిపోయి కోట సైన్యం కదల్లేదు. కొండల అవతలి శత్రువులు దాడికొచ్చేది ఆ అదను చూసుకునే. అందుకని పైనుంచి ఎగురుతూ కాపలా కాయాలి. కోటవారి శాసనం అది.

అంతకు ముందటి ఏడు గానుగవాళ్ళ పెద్దకొడుకు అలాగే వెళ్ళాడు. ఆ వేసవి మొదట్లో అతని గాలిదున్న ఒక్కటే వచ్చి ఉప్పు నాకింది. వీపు మీద జీను అలాగే ఉంది. వాళ్ళమ్మ వచ్చి, ఆ జీను విప్పుకుని చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అందుకే మా పిల్లలకు నడక రాకముందే గుప్పిట మూయడం వస్తుంది. మా మరిదికీ వచ్చు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి వాడికి ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. తల్లి లేదు. అన్నం పెట్టింది, తల దువ్వింది, గుప్పిట మూయించింది నేనే. అయినా ఆ రోజు వాడు చెయ్యి చాచాడు.

వాడు కత్తివీరుడు. మా ఉప్పుబళ్ళకు దారికాపలా కాసేవాడు. కత్తి చేతికిస్తే పదిమంది మధ్యలోంచి గీత పడకుండా బయటికొస్తాడు. కత్తి పక్కన పెట్టాడా, సొంత గుమ్మానికి తల కొట్టుకుంటాడు. ఒకసారి దారిదోపిడీగాడి చేతిలోంచి కత్తి జారిపోతే వంగి ఏరి ఇచ్చాడట.

"ఎందుకిచ్చావురా?" అన్నాను.

"కత్తి లేనివాడితో ఎలా కొట్లాడను వదినా?"

"కొట్లాడకుండా జుట్టు పట్టుకుని ఈడ్చుకురావచ్చుగా?"

చాలాసేపు ఆలోచించాడు. "అది తట్టలేదు" అన్నాడు.

అదీ మా మరిది. వాడి గురువు ఒక నియమం నేర్పాడు: కత్తి దూసే ముందు ఎదుటివాడికి కుడి అరచెయ్యి విప్పి చూపించాలి, మోసం ఏమీ లేదని. ఆ మధ్యాహ్నం ఉప్పుకుప్పల దగ్గర ఒక గాలిదున్న మీదికొచ్చింది. అందరూ కర్రలు పట్టుకుని పరిగెత్తారు. మావాడు కత్తి ఎడమచేతికి మార్చుకుని, దాని ఎదురుగా నిలబడి, పొద్దున్నుంచీ ఉప్పుబస్తాలు మోసిన కుడిచెయ్యి విప్పి మర్యాదగా చూపించాడు.

అది నాకింది.

మా ఆయన మడి గట్టు మీద కూలబడ్డారు. "మనిషికి చూపించమన్నాడురా మీ గురువు. దున్నకి కాదు."

"ఎదుటివాడికి అన్నాడు అన్నయ్యా. ఎదురుగా ఇదే ఉంది మరి."

సాయంత్రం ఇద్దరూ ఇంటికొచ్చారు, అంటే మా మరిదీ, వెనకాల అదీ. మా ఇల్లు ఎంత? ముందు గది, వెనక వంటిల్లు, పక్కన ఉప్పు సంచులు పెట్టుకునే కొట్టు. అది తల లోపలికి పెట్టింది, కొమ్ములు పట్టలేదు, గుమ్మంలోనే కూలబడింది. ఇక మేం లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా దాని వీపు ఎక్కి దిగాల్సిందే. ఎగరడానికి తప్ప అన్నిటికీ మేం ఆ వాహనం ఎక్కాం.

దున్నపోతు మీద వాన పడ్డట్టు అంటారు. నేను దానికి పెట్టిన శాపనార్థాలన్నీ అలాగే జారిపోయాయి. ఆరేసిన బట్టల్లో చెమట ఉప్పు ఉంటుందని చొక్కాలు నమిలేసేది. సున్నం వేసిన గోడ నాకి నాకి ఇటుక తేల్చింది. నీళ్ళకు వెళ్తే వెనకే వచ్చి కుండలో మూతి పెట్టేది. మా మరిది బళ్ళ వెంట వెళ్తే ఎద్దులు బెదిరి బండి కాలవలోకి తోసేవి. దాంతో బళ్ళవాళ్ళు వాణ్ణి రావద్దన్నారు. రోజంతా ఇద్దరూ వాకిట్లో కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. ఎవరి మొహంలో ఎక్కువ తెలివి ఉందో చెప్పడం కష్టం.

ఇంతకీ మా మరిదికి ఎత్తు అంటే భయం. కప్పు మీద పెంకు జారితే సర్దమని నిచ్చెన వేస్తే, సగం మెట్లెక్కి కళ్ళు మూసుకుని నిచ్చెనను కౌగిలించుకునేవాడు. మా ఆయన ఎక్కి, వేలు వేలూ విడదీసి దింపాల్సి వచ్చేది. అలాంటివాడు కనుమ మీద ఎగరడమా? గానుగవాళ్ళ అబ్బాయి చెట్టు మీద కోతిలా ఉండేవాడు. వాడే రాలేదు.

నాలుగు రోజులకల్లా కోట అధికారి వచ్చాడు. పెద్ద మీసాలు, చిన్న గొంతు. కోట గుర్తుగా గాలిదున్న కొమ్ముకి ఎర్రరంగు పూయించాడు.

"అయ్యా, మావాడికి కళ్ళు తిరుగుతాయండీ" అన్నాను.

"అందరికీ తిరుగుతాయమ్మా మొదట్లో."

"పడిపోతాడండీ."

ఆయన మీసం సవరించుకున్నాడు. "చూడమ్మా, ఈ వేసవి దాటేలోగా ఇంకెవరి అరచేతిలోనైనా ఇది ఉప్పు తింటే వాడు వస్తాడు, మీవాడు మిగుల్తాడు. మాకు కావలసింది ఒక మనిషి. ఎవరైతేనేం?"

ఆ మాట ఆ రోజు నాకు వరంలా వినిపించింది.

మర్నాటి నుంచి నా మొక్కు ఒక్కటే. దీపం ఆరిపోయినా సరే, పొగ ముందే నిలబడి అడిగేదాన్ని: "స్వామీ, ఈ జంతువును నా గుమ్మం ముందు నుంచి తీసెయ్. ఇంకేమీ వద్దు." చదువుకున్నదాన్ని కాదు, దేవుడితో తిప్పి తిప్పి మాట్లాడటం రాదు. సూటిగా అడిగితే సూటిగా ఇస్తాడనుకున్నాను.

ఊళ్ళో కోటకు వెళ్ళాలని సరదా పడేవాళ్ళు లేకపోలేదు. ఎర్ర అంగీ, ఇత్తడి గుండీలు. కాకపోతే గాలిదున్న కొత్త చేతిని నాకాలంటే ముందు దాన్ని ఉప్పుకి ముఖం వాచేలా చెయ్యాలి. దాని మూతికి తాడుతో జాలీ అల్లి కట్టాం. గోడకి మట్టి మెత్తాం. బట్టలు లోపల ఆరేసుకున్నాం. మా మరిదిని రోజుకి రెండుసార్లు మంచినీళ్ళతో స్నానం చేయించి, చెమట పట్టకుండా నీడన కూర్చోబెట్టాం.

రెండో రోజుకే అది మూలగడం మొదలుపెట్టింది. పిల్లి అరిచినట్టు సన్నగా, అంత శరీరంలోంచి. మూడో రోజు చూస్తే మూలుగు లేదు, కడుపు నిండిన దూడలా పడుకుని ఉంది.

"ఉప్పు పెట్టావా?" అన్నాను.

"లేదు వదినా."

"నా మొహం చూసి చెప్పు."

"ఉప్పు పెట్టలేదు. ఏడిస్తే కళ్ళు తుడిచాను. తుడిచిన చెయ్యి నాకింది. కన్నీళ్ళు కూడా ఉప్పగా ఉంటాయని నాకేం తెలుసు?"

ఉప్పుమడుల్లో పుట్టి పెరిగినవాడు చెప్పే మాటా అది! గోడకి తల కొట్టుకుందామంటే ఆ గోడ మట్టి ఇంకా ఆరలేదు.

మళ్ళీ మొదటి నుంచి. ఈసారి మా ఆయన వాణ్ణి కొట్టులో పెట్టి బయట గొళ్ళెం వేశారు. కొట్టు నిండా ఉప్పు సంచులే. తలుపు సందులోంచి ఒక చెయ్యి, ఆ చేతికోసం మూతి జాలీలోంచి ఒక నాలుక. నేను వెళ్ళేసరికి ఇద్దరూ నేరం చేసిన పిల్లల్లా అటొకరూ ఇటొకరూ చూస్తున్నారు.

"అది అడిగింది వదినా."

"ఏ భాషలో అడిగిందిరా?"

ఆ పూట నాకు నిజంగా ఏడుపొచ్చింది. నీళ్ళలో మునిగిపోయేవాణ్ణి లాగొచ్చు. నేనిక్కడ హాయిగా ఉన్నాను అని నవ్వేవాణ్ణి ఏం పట్టుకుని లాగాలి? "ఒరే నాయనా, నువ్వు చచ్చిపోతావురా" అన్నాను. అప్పుడు మాత్రం నవ్వు ఆపాడు. "ఇక పెట్టను వదినా" అని కుడిచెయ్యి విప్పి చూపించాడు. అది వాడి ఒట్టు. వాడు ఒట్టు తప్పడని నాకు తెలుసు.

తప్పలేదు. గాలిదున్న డొక్కలు పీక్కుపోయాయి. ఎండలు ముదిరాయి, మడులు పాలరాయిలా తెల్లబడ్డాయి, పడమటి దిక్కున మబ్బు పొడ కనిపించసాగింది. ఆ సమయంలో వడ్రంగి తమ్ముడు ముందుకొచ్చాడు.

మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రవాడు. అన్న దగ్గర రంపం లాగడం ఇష్టం లేదు. "నేను పుట్టిందే పైన తిరగడానికి అత్తా" అన్నాడు నాతో. మీసం సరిగ్గా రాలేదు గానీ అప్పుడే మెలేస్తున్నాడు. "ఆ ఎర్ర అంగీ నాకు కుదిరినట్టు ఇంకెవరికీ కుదరదు." నేను దిష్టి తీసినంత పని చేశాను.

సాయంత్రం పని ముగిసే వేళకి మడుల దగ్గర చేరాం. మా ఆయన చెక్క పలకతో ఉప్పు లాగడం ఆపి వచ్చారు. పనివాళ్ళందరూ గుప్పిళ్ళు మూసుకుని దూరంగా నిలబడ్డారు. వడ్రంగి రాలేదు. వాడి భార్య వచ్చింది. చేతిలో మరిది కోసం మంచినీళ్ళ చెంబు. గట్టు చివర నిలబడింది గానీ ఇటు రాలేదు. చెంబు వంగి నీళ్ళు కారిపోతున్నాయి, ఆమె చూసుకోలేదు. నేను చూశాను. చూసి ఇటు తిరిగాను.

మూతి జాలీ విప్పారు. వడ్రంగి తమ్ముడు కొత్త ఉప్పు గుప్పెడు తీసుకుని చెయ్యి చాచాడు. గాలిదున్న మెడ సాచింది, ముక్కు ఎగరేసింది, అడుగు వేసింది. ఇంకో అడుగు. దాని ఊపిరి తగిలేసరికి కుర్రవాడి చెయ్యి వణకడం మొదలైంది. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు రాలుతోంది.

"స్వామీ, స్వామీ" అనుకుంటున్నాను.

అప్పుడు మా మరిది ముందుకొచ్చాడు. "వణక్కు తమ్ముడూ" అంటూ వాడి చేతి కింద తన చెయ్యి పెట్టాడు, ఆసరాగా. రాలిన ఉప్పంతా వచ్చి మా మరిది అరచేతిలో పడింది. గాలిదున్న పై చేతిని మూతితో పక్కకి నెట్టేసింది. కింది చెయ్యి నాకింది. అడుగంటా నాకి, వాడి భుజం మీద గడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

మడుల్లో నవ్వు లేచింది. మా ఆయన నవ్వలేదు. చేతిలో పలకను నేలకేసి కొట్టి ఇంటివైపు నడిచారు. నేనూ వెనకే. మా వెనక వాడు, వాడి వెనక అది.

దారి పొడుగునా నా నోరు ఆగలేదు. "నీ బుర్రలో ఉన్నది మెదడా, మడి నీళ్ళా? ఇన్నాళ్ళు అందరం ఎండలో మాడింది ఇందుకా? కింద చెయ్యి ఎందుకు పెట్టావురా? ఎవడైనా పెడతాడా? గుడ్డివాడు కూడా పెట్టడే! చెప్పు, ఎందుకు పెట్టావు?"

వాడు మామూలుగానే, నిచ్చెన ఎక్కలేనని చెప్పే గొంతుతోనే అన్నాడు: "వాడికీ వదిన ఉంది కదా."

నేను ఆగిపోయాను. వాడు ఆగలేదు, పక్క నుంచి నడుచుకుంటూ పోయాడు. గాలిదున్న నన్ను జాగ్రత్తగా తప్పించుకుని వాడి వెనక వెళ్ళింది.

ఇంటికి వెళ్ళి అన్నం పెట్టాను. వాడు రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. మర్నాడు పొద్దున మా ఆయన వంటింట్లోకి వచ్చేసరికి నేను ఉప్పు సంచి కోసి, నాలుగు మడతలు వేసి, పెద్ద సూదితో పట్టీ కుడుతున్నాను. వాడి నడుముకీ దాని వీపుకీ కలిపి కట్టేంత పొడుగు.

మా ఆయన కాసేపు చూసి, "ఇంకో వరస కుట్టు" అన్నారు. అంతే.

అధికారి వచ్చిన రోజున మబ్బు తలల మీదికి దిగి ఉంది. ఉప్పుకుప్పలన్నిటికీ చాపలు కప్పి, తాళ్ళు బిగించాం. మా మరిది స్నానం చేసి, కత్తి కట్టుకుని తయారయ్యాడు. ఎర్ర అంగీ చేతులు పొట్టిగా ఉన్నాయి.

"అయ్యా, నడిచి రావచ్చా?" అని అడిగాడు.

"ఏమిటీ?"

"అంటే, దీన్ని వెంట తీసుకునే వస్తాను. నడిచి."

"కోటలోకి గాలిదున్న మీదే రావాలయ్యా. నియమం."

నియమం అనేసరికి మావాడు తలూపాడు. నియమం అంటే వాడికి చిన్నప్పటి నుంచీ గౌరవం. మా ఆయన భుజం పట్టి ఎక్కించారు. నేను పట్టీ బిగించాను, ఒక ముడి, దాని మీద ఇంకొకటి. నడుములో చిన్న ఉప్పుమూట దోపాను. "దీనికి. ఏడిస్తే పెట్టు" అన్నాను. ఇంకేదో కూడా అందామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం: "గుమ్మాలకు తల కొట్టుకోకు."

"అక్కడ ఎత్తుగా ఉంటాయట వదినా" అన్నాడు.

గాలిదున్న పరిగెత్తింది. మడి గట్టు చివర దాకా పరిగెత్తి, రెక్కలు విప్పింది. ఇన్నాళ్ళూ దాని రెక్కలు దీపం ఆర్పడానికి తప్ప ఎందుకూ పనికిరావనుకున్నాను. అంత పెద్దవని నేను చూడనే లేదు. నేల వదిలింది. మా మరిది దాని మెడను నిచ్చెనను పట్టుకున్నట్టే పట్టుకున్నాడు.

"కళ్ళు తెరవరా!" అని అరిచాను.

"తెరిస్తే పడిపోతాను వదినా!" పైనుంచి వినిపించింది.

తర్వాత మబ్బు. ఆ మధ్యాహ్నమే తొలివాన పడింది.

మర్నాడు తెల్లవారగానే స్నానం చేసి దీపం వెలిగించాను. కళ్ళు మూసుకున్నాను. తెరిచాను. దీపం నిలకడగా వెలుగుతోంది. గుమ్మం ముందు ఏమీ లేదు. గోడ మీద నాలుక రాసిన చోట మట్టి చారలు చారలుగా ఆరి ఉంది. నేను అడిగింది మాట పొల్లుపోకుండా జరిగింది. ఇంకేమీ వద్దని కూడా నేనే అన్నాను.

దేవుణ్ణి నిలదీసేంతదాన్ని కాదు. కానీ ఒక్క మాట అడగాలనిపించింది. మనిషి అడిగేది ఏమిటో మనిషికి తెలియకపోయినా నీకు తెలుస్తుందంటారే, మరి ఆ మాట నిజమేనా? దీపం కదలకుండా వెలిగింది. ఆ వెలుగు చూడలేక లేచి వంటింట్లోకి వెళ్ళాను.

వానాకాలమంతా అలాగే గడిచింది. మడులు మునిగాయి. గానుగవాళ్ళావిడ ఒకటి రెండుసార్లు వచ్చి, నా పక్కన కూర్చుని వెళ్ళింది. వడ్రంగి తమ్ముడు అన్న దగ్గరే రంపం లాగుతున్నాడు, మా కొట్టు తలుపు బాగుచేసి పెట్టాడు. వాడి వదిన ఎదురుపడితే తలవంచుకుని, దారి ఇచ్చి, నేను దాటేదాకా నిలబడేది.

వాన కాస్త తెరిపి ఇచ్చిన ఒక సాయంత్రం, బురదలో ఎవరో వస్తున్న చప్పుడైంది. బయటికొచ్చాను. మోకాళ్ళ దాకా బురద, చిరిగిన ఎర్ర అంగీ, నుదుటి మీద బొప్పి. చేతిలో తాడు. తాడు చివర గాలిదున్న, నడిచి నడిచి నాలుక బయటపెట్టి.

"పదిరోజులు సెలవిచ్చారు వదినా. దార్లోనే అయిపోతుందేమోనని భయమేసింది."

"నడిచొచ్చావా? కొండ మీద నుంచి? రెక్కలున్న జంతువుని పెట్టుకుని?"

"కాపలా లేనప్పుడు ఎక్కడమెందుకు?" అన్నాడు, నా తెలివితక్కువతనానికి కొంచెం ఆశ్చర్యపోతూ.

"కాపలాలో కళ్ళు తెరుస్తున్నావా?"

"ఒకటి."

"ఆ బొప్పి ఏమిటి?"

"గుమ్మం" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తాడు ఎడమచేతికి మార్చుకుని, కుడి అరచెయ్యి విప్పి నాకు చూపించాడు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. ఉప్పగా, గరుకుగా, వేడిగా ఉంది.

మర్నాడు తెల్లవారగానే స్నానం చేసి, వత్తి వేసి, దీపం వెలిగించి కళ్ళు మూసుకున్నాను. ఏం అడగాలో తోచలేదు. ఏమీ అడగలేదు. వాకిట్లో మా మరిది లేచి ఒళ్ళు విరుచుకున్న చప్పుడైంది. ఆ వెంటనే గుమ్మంలోంచి గాలి విసురుగా వచ్చింది. కళ్ళు తెరిస్తే పొగ.

బయటికొచ్చి ఆ దున్నపోతును నోరారా తిట్టాను.